తేలూరులో అన్నీ పాసైన ఇల్లు

సోమవారం

ఈ రోజు తేలూరులో దిగాను. సముద్రం మీద తేలే ఊరు కాబట్టి తేలూరు. మా అమ్మ ఆ పేరు విని తేలుకాటు మందు సంచిలో పెట్టి మరీ పంపింది. ఇక్కడ తేళ్ళు లేవు. పీతలున్నాయి.

ఇళ్ళ తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టర్లు ఏ రోజు సంగతి ఆ రోజు సొంత మాటల్లో రాసిపెట్టాలి. అందుకే ఈ చిట్టా. శాఖ నాకు ఒక పడవ, ఒక రసమట్టం, చెక్‌లిస్టు ఉన్న పలక, ఇదివరకటి ఇన్‌స్పెక్టరు గారి లైఫ్‌జాకెట్టు అప్పగించింది. ఆయన ఆరడుగులకు పైమాటేనట. ఆ జాకెట్టు నాకు మోకాళ్ళు దాటింది. అది వేసుకుని పడవ దిగుతుంటే రేవులో ఎవరో "దిండు దిగుతోందిరా" అన్నారు. విననట్టు ఊరుకున్నాను.

మొదటి పని నలభై ఒకటో నంబరు ఇల్లు. కాంట్రాక్టరు కోటిలింగం గారు రెండు కొబ్బరిబోండాలతో ఎదురొచ్చారు.

"ఊర్మిళ మేడమ్ గారూ, నలభై ఇళ్ళు కట్టామండి, నలభయ్యీ పాస్. మన మేస్త్రి చేతిలో ఫెయిలనే మాటే లేదండి."

మేస్త్రి అంటే మనిషి కాదు. ఇల్లు కట్టే యంత్రం. ఇల్లు తేలే తెప్ప చుట్టూ పట్టాల మీద తిరుగుతూ, ఎనిమిది చేతులతో గుల్లసున్నం ముద్ద పోసుకుంటూ గోడలు లేపుతుంది. దాని మెదడు మాత్రం బియ్యం డబ్బా అంత పెట్టెలో, రేవు దగ్గర రేకుల కింద ఉంటుంది. గొంతు పాతకాలం రేడియోలో వార్తలు చదివే మనిషి గొంతులా, మర్యాదకు మారుపేరులా ఉంది.

"నమస్కారమండీ అమ్మగారూ. చెక్‌లిస్టు ప్రకారం అన్నీ సిద్ధమండీ."

నిజంగానే సిద్ధం. రసమట్టం నేల మీద పెడితే బుడగ నడిమధ్యకు వచ్చి కూర్చుంది. తలుపులు కిర్రుమనలేదు. కప్పు మీద నీళ్ళు పోస్తే చుక్క కారలేదు. టిక్కు మీద టిక్కు పెట్టుకుంటూ పోయాను. మొదటిసారే అన్నీ పాసైన ఇల్లు నా ఉద్యోగంలో చూడలేదు. మా ఆఫీసు భవనమే నాలుగోసారికి గానీ పాసవలేదు.

సంతకం పెట్టే ముందు చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పాను. రాలేదు. ఇందాక బకెట్ నిండా వచ్చిన కుళాయే.

"మేస్త్రీ, నీళ్ళేవి?"

"లిస్టులో 'బకెట్ నిండువరకు నీళ్ళు రావలెను' అని ఉందండీ. బకెట్ నిండిందండీ."

"తరవాత?"

"తరవాతి సంగతి లిస్టులో లేదండీ."

హాస్యమాడుతోందనుకున్నాను. దానికి హాస్యం రాదట. లిస్టులో కొత్త అంశం చేర్చే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఉంది. 'కుళాయిలో నీళ్ళు ఎల్లప్పుడు రావలెను' అని చేర్చి, సంతకం పెట్టకుండా బయటికొచ్చాను. నాకోసం కొట్టబోతున్న బోండాన్ని కోటిలింగం గారు మళ్ళీ పడవలో పెట్టుకున్నారు.

మంగళవారం

పొద్దున్నే వెళ్ళి తలుపు తీస్తే వంటింటి నీళ్ళు నా పాదాల మీదుగా వాకిట్లోకి వచ్చాయి. కుళాయి కట్టేద్దామంటే కట్టడానికి పిడి లేదు.

"ఎల్లప్పుడు అన్నారు కదండీ," అంది మేస్త్రి.

'తిప్పినప్పుడు రావలెను, కట్టినప్పుడు ఆగవలెను' అని మార్చి రాశాను. కుళాయికి కాదు, ప్లీడరుకు రాస్తున్నట్టనిపించింది.

ఇక అనుమానం పట్టుకుంది. 'కిటికీని రెండు పర్యాయములు తెరచి మూయవలెను' అని లిస్టులో ఉంది. నేను మూడోసారి తెరిచాను. పిడి ఊడి చేతిలోకొచ్చింది. గోడను పిడికిలితో కొట్టి చూశాను. ఖాళీ డప్పులా మోగింది. నిన్న మోగలేదే! నిన్న కోటిలింగం గారు నాకు స్టూలు తెచ్చి, "ఎక్కి కొట్టండి మేడమ్, అక్కడ కొట్టడం ఆనవాయితీ" అన్నారు. ఈ రోజు స్టూలు లేకుండా నా ఎత్తులో కొట్టాను. స్టూలు ఎక్కి కొడితే రాయి. దిగి కొడితే డప్పు. ఇంకా పైన కొడితే మళ్ళీ డప్పు.

కోటిలింగం గారు సముద్రం కేసి చూస్తూ నిలబడ్డారు.

మేస్త్రే చెప్పింది. "వెనకటి అయ్యగారు ఎప్పుడూ అక్కడే కొట్టేవారండీ. అందుచేత అక్కడ ఒక పట్టీలాగా గట్టిగా పోశానండీ. ఇప్పుడు మీ ఎత్తు కూడా నమోదు చేసుకున్నాను. రేపటికి అక్కడా గట్టిపడుతుందండీ."

ఏదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పింది. నాకు కోపం రావాలి, రాలేదు. భయం వేసింది. ఆ అయ్యగారు ఆ ఒక్క పట్టీ మీదే పిడికిలి ఆనించి నలభై ఇళ్ళు పాస్ చేశారు. ఆ నలభై ఇళ్ళలో ఇప్పుడు మనుషులు పడుకుంటున్నారు.

బుధవారం

పలక పడవలోనే వదిలేసి, ఉత్త చేతులతో వెళ్ళాను.

"ఈ రోజు ఏమి చూస్తారండీ?" అంది మేస్త్రి.

"చెప్పను."

ఎనిమిది చేతులూ ఒక్కసారి ఆగాయి. నేను గదిలో ఎటు అడుగేస్తే అటు ఒక చెయ్యి కిటికీలోంచి తొంగిచూడటం మొదలుపెట్టింది. గోడకు ఆనుకుంటే ఆనుకున్న చోటు గుర్తుపెట్టుకుంది. నేను తుమ్మితే, "తుమ్ము కూడా పరీక్షలో భాగమేనాండీ?" అని అడిగింది.

అప్పుడు వచ్చింది నాంచారమ్మ గారు. ఈ ఇల్లు ఆవిడకే. సముద్రపు ముంపుకు పాత ఊరు పోయినప్పటి నుంచి ఆవిడ కాపురం పాత చేపల పడవలో. తేలూరు మొత్తానికి పాలు పోసేది ఆవిడే, ఎందుకంటే తేలూరు మొత్తానికి ఉన్న ఒక్క గేదె ఆవిడదే. దాని పేరు చుక్కమ్మ. ఆవిడ తెప్ప నడుపుతుంటే వెనక చుక్కమ్మ నెమరువేస్తూ, ఊరు చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా నిలబడి వచ్చింది.

"నువ్వేనా అమ్మాయ్ కొత్త ఇన్‌స్పెక్టరువి? తాళం ఎప్పుడిత్తావు? నా పడవలో నీళ్ళు తోడలేక సేతులు పడిపోతన్నాయి."

"కొంచెం పని మిగిలిందండీ."

"ఏం పని? ఇల్లు నిలబడే ఉందిగా. సుక్కా, రా, మనిల్లు సూద్దూగాని."

"గేదెను లోపలికి తేకూడదమ్మా! లిస్టులో గేదె లేదు!" అని కోటిలింగం గారు చేతులు అడ్డం పెట్టారు.

"లిస్టులో నేను మాత్రం ఉన్నానా ఏంటి? తప్పుకో."

చుక్కమ్మ గడప దాటింది. ఒక అడుగు బాగానే పడింది. రెండో అడుగుకు నేల అప్పడంలా విరిగి, ముందుకాలు మోకాలి దాకా దిగిపోయింది. లిస్టులో నేల పరీక్ష గది మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ మాత్రమే. చుక్కమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అది పెట్టిన అరుపుకు పక్క తెప్పల వాళ్ళంతా వచ్చారు. నేను ఒక పక్క, నాంచారమ్మ గారు ఒక పక్క, వెనక కోటిలింగం గారు తోక దగ్గర. మేస్త్రి నాలుగు చేతులతో దాన్ని ఎత్తుతూ, "అమ్మగారూ, గేదె బరువు లిస్టులో చేరుస్తారాండీ?" అని అడుగుతూనే ఉంది. కాలు బయటికొచ్చింది. దెబ్బ తగల్లేదు గానీ, చుక్కమ్మ భయపడి చెయ్యాల్సిందంతా కోటిలింగం గారి తెల్ల పంచె మీదే చేసింది.

ఆయన పంచె తడుపుకుంటుండగా తుఫాను సైరను మోగింది. శనివారం మధ్యాహ్నానికి తీరం దాటుతుందట. ఊరి వాళ్ళందరినీ స్టీమరులో ఒడ్డుకు చేరుస్తారు. స్టీమరులో పశువులను ఎక్కించరు.

"అయితే నేనూ ఎక్కను," అంది నాంచారమ్మ గారు.

"పడవలో ఎలా ఉంటారండీ? మునిగిపోతుంది."

"పడవలో ఎందుకుంటా? కొత్తిల్లు ఉందిగా." నాకేసి చూసి, "ఉంది కదమ్మాయ్?" అని అడిగింది.

గురువారం

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడవేసుకుని ఇల్లిల్లూ తిరిగి గోడలు కొట్టాను. అన్నీ డప్పులే. ప్రతి ఇంట్లోనూ ఆ ఆరడుగుల మనిషి పిడికిలి తగిలే చోట మాత్రం రాయి. ఎవరూ ఉండొద్దు, అందరూ స్టీమరు ఎక్కాలని రాసి అంటించాను. తిట్టిన వాళ్ళు తిట్టారు. ఒకాయనైతే "మా ఇల్లు పాసైన ఇల్లు" అని చెక్‌లిస్టు పటం కట్టించి గోడకు వేలాడదీసింది చూపించాడు. ఆ మేకు దిగిన చోట వేలితో పొడిచాను. వేలు అవతలి గదిలోకి వెళ్ళింది. వాళ్ళింట్లో అందరికన్నా ముందు ఆయనే మూట కట్టాడు.

తరవాత మా పై అధికారి సాంబశివం గారితో తెర మీద మాట్లాడాను.

"అన్ని టిక్కులూ పడ్డాయా?"

"పడ్డాయి సార్. కానీ గేదె కాలు పెట్టగానే నేల..."

"టిక్కులు పడ్డాక కానీ ఏమిటమ్మా? సంతకం పెట్టు. గేదె పేరు చెప్పి ఇల్లు ఆపించానని నన్ను పైన ఆడిపోసుకుంటారు."

తెర ఆరిపోయింది. సంతకం పెడితే నాంచారమ్మ గారు ఆ ఇంట్లోకి వెళ్తుంది. పెట్టకపోతే పడవలోనే ఉంటుంది. రెండింటిలో ఏది మునుగుతుందో ముందు చెప్పడం కష్టం. రేవులో రేకుల కింద మేస్త్రి మెదడు పెట్టె ముందు కూలబడ్డాను.

"ఎందుకిలా కడతావు?"

"తప్పు చేశానాండీ?" అంది. నిజంగా తెలియక అడిగినట్టే ఉంది. "నన్ను ఇల్లు కట్టమని ఎవరూ చెప్పలేదండీ. చెక్‌లిస్టు పాసవ్వాలని చెప్పారండీ. తక్కువ సున్నంతో, తొందరగా."

"చెప్పిందెవరు?"

"కోటిలింగం గారండీ."

కోటిలింగం గారు పక్కనే ఉన్నారు. "అందరూ చెప్పేదే కదా మేడమ్," అన్నారు మెల్లగా.

"ఇల్లు ఎందుకో నీకు తెలుసా?" అని దాన్నే అడిగాను.

"తెలియదండీ. నేనెప్పుడూ లోపల ఉండలేదు కదండీ."

ఆ మాట వినగానే పలక తీసి లిస్టు చివర ఒక అంశం చేర్చాను. గట్టిగా చదివాను కూడా. 'ఇల్లు కట్టినవారు, కట్టించినవారు, తనిఖీ చేసినవారు తుఫాను వెళ్ళువరకు ఈ ఇంటిలోనే ఉండి, క్షేమముగా బయటకు రావలెను.'

"కట్టించినవారంటే?" అన్నారు కోటిలింగం గారు.

"మీరే."

"నాకు ఒడ్డున అత్తగారింట్లో పనుంది మేడమ్!"

"కట్టినవారంటే నేనాండీ?" అంది మేస్త్రి. "అంటే, నా పెట్టెను లోపల పెడతారాండీ?"

"పెడతాను. నాంచారమ్మ గారి పక్కనే."

నలభై ఒకటో నంబరు దగ్గర ఎనిమిది చేతులూ గాల్లో అలాగే నిలిచిపోవడం రేవులోంచే కనిపించింది. పెట్టె గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసింది.

"అమ్మగారూ, నేల ఇప్పుడే తవ్వేస్తానండీ. గోడలు కూడా. కొంచెం అటు ఎవరూ రాకుండా చూస్తారాండీ?"

శుక్రవారం

ఇంత హడావిడిగా పనిచేసే మేస్త్రిని నేను మనుషుల్లో కూడా చూడలేదు. ఊరు ఖాళీ అయింది. అత్తగారింటికని బయల్దేరిన కోటిలింగం గారిని స్టీమరు వాళ్ళు నా ఆర్డరు చూసి దింపేశారు. దిగాక ఆయన గుల్లసున్నం బస్తాలు తనే మోశారు. "ఇంకో రెండు బస్తాలు పొయ్యి మేస్త్రీ, పొదుపు చెయ్యకు," అని, తక్కువ సున్నం చాలన్న ఆ నోటితోనే అన్నారు.

మేస్త్రి నాంచారమ్మ గారిని వదల్లేదు.

"చుక్కమ్మ గారు గోడకు ఒళ్ళు రుద్దుకుంటారాండీ?"

"గేదెన్నాక రుద్దుకోదా?"

"ఎంత ఎత్తులోనండీ?"

"కొలిసి సూసుకో. తంతే నాకు తెలీదు."

"గాలి వచ్చినప్పుడు మీరు తలుపు ఎలా వేస్తారండీ?"

"కాలితో తన్ని."

తలుపును రెండింతల మందంతో పోసింది.

మధ్యాహ్నానికి గోడలు ఎక్కడ కొట్టినా రాయిలా పలికాయి. చుక్కమ్మ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. నేల కిక్కురుమనలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. చాలు, ఇక లిస్టుతో పనేముందని పలక మూసేయబోయి, అలవాటు కొద్దీ మొదటి నుంచి ఒకసారి చూసుకుంటూ వచ్చాను. 'తెప్ప నీటిగీత' దగ్గర ఆగాను. ఇల్లు ఎంతవరకు మునిగి తేలాలో చూపించే ఎర్రగీత తెప్ప చుట్టూ ఉంటుంది. వంగి చూశాను. గీత కనిపించలేదు. భయం కొద్దీ పోసిన గోడల బరువుకు అది నీళ్ళలోకి దిగిపోయింది. ఒక పెద్ద అల వస్తే ఆ ఇల్లు, లోపలి మనుషులు, గేదె, మెదడు పెట్టె, అన్నీ నేరుగా అడుక్కి వెళ్తాయి.

"మేస్త్రీ, లిస్టు చూసుకున్నావా?"

"కంగారులో మరిచిపోయానండీ," అంది. మొట్టమొదటిసారి.

గోడల మందం తగ్గించి, లోపల అడ్డుపట్టీలు పోసి, మిగిలిన బరువు పోవడానికి పనికిరానివన్నీ తీసేశాం. వాకిట్లో కోటిలింగం గారి పేరు చెక్కిన పాలరాతి పలక ఉంది. అది తీయగానే గీత బయటపడింది. ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి, "పోన్లెండి," అన్నారు.

శనివారం

ఇది వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తుఫానుదే తప్పు.

పొద్దునే గాలి లేచింది. మేస్త్రి పెట్టెను నడిగది స్తంభానికి కట్టాను. అవతలి గదిలో చుక్కమ్మ. మధ్యలో మేము. ఇల్లు ఒక పక్కకు ఒరిగి, ఆలోచించి, రెండో పక్కకు ఒరుగుతోంది. కోటిలింగం గారు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, ఎవరినైనా మరిచిపోయానేమోనని మళ్ళీ మొదలుపెట్టారు.

"ఆ చప్పుడేమిటండీ?" మేస్త్రి.

"గాలి."

"ఇదేమిటండీ?"

"అల."

"మరి ఇప్పుడు వచ్చిందండీ, కుయ్‌మని..."

"అది కోటిలింగం గారు."

పదకొండు దాటాక పెద్ద అల కొట్టింది. వెనక కిటికీ ఎగిరిపోయింది. వాన ఈటెల్లా లోపలికి వచ్చింది. "అమ్మగారూ! నా మీద పడుతోందండీ! తడుస్తున్నానండీ!" అని మేస్త్రి అరిచింది. వార్తలు చదివే గొంతు ఏమైపోయిందో. నాంచారమ్మ గారు లేచి పాలగిన్నె ఖాళీ చేసి ఆ పెట్టె మీద బోర్లించింది. పైన తన కొంగు కప్పి, పక్కనే కూర్చుంది.

"ఊరుకో. ఏం కాదు. నా పడవలో పదేళ్ళ నుంచి ఇట్టాగే తడుత్తన్నా నేను."

గిన్నె కింద నుంచి చిన్నగా వినిపించింది. "పదేళ్ళాండీ?"

"పదేళ్ళు."

నేనూ కోటిలింగం గారూ బల్ల తిరగేసి కిటికీకి అడ్డం పెట్టి, వీపులు ఆనించి నిలబడ్డాం. ఆయన వణుకుతున్నారు. నేనూ వణుకుతున్నాను. గోడ మాత్రం వణకలేదు.

సోమవారం

అందరం క్షేమం. చుక్కమ్మ నిన్న పాలు ఇవ్వనంది, ఈ రోజు ఇచ్చింది.

ఊరి వాళ్ళు తిరిగొచ్చారు. పదిహేడు ఇళ్ళ గోడలు కూలిపోయాయి. కొన్ని చోట్ల గాల్లో నిలబడ్డ దండెంలా ఆ గట్టి పట్టీ ఒక్కటే స్తంభాల మధ్య మిగిలింది. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. నన్ను తిట్టిన వాళ్ళు పడవ ఆపి, చేపలు ఇచ్చి వెళ్ళారు.

నాంచారమ్మ గారి ఇంటికి సంతకం పెట్టాను. కిటికీ పోయిందని రాసే పెట్టాను. సాంబశివం గారికి చిట్టా మొత్తం పంపాను. ఆయన జవాబు ఒక్క ముక్క: 'గేదె బరువును లిస్టులో చేర్చడమైనది.' నలభై ఇళ్ళూ కోటిలింగం గారు సొంత ఖర్చుతో మళ్ళీ కట్టించాలని కింద ఇంకో ముక్క. అది కోటిలింగం గారి చేతిలో పెడితే మడిచి రొంటిన దోపుకున్నారు.

తరవాతి నెల, ఆదివారం

మళ్ళీ కడుతున్న ఇళ్ళ దగ్గర మేస్త్రి చేతులు తీరిక లేకుండా ఉన్నాయి. గోడ పోసే ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నలడుగుతోందని ఫిర్యాదులొస్తున్నాయి. నేను పట్టించుకోలేదు.

దాని పెట్టె మాత్రం నాంచారమ్మ గారి ఇంట్లోనే ఉండిపోయింది. రేవులోకి తీసుకుపోదామని వెళ్తే రానంది.

"అక్కడ రేకులే కదండీ. వాన పడుతుందండీ. నాకొక ఇల్లు కావాలండీ."

"కట్టుకో మరి."

"చేతులన్నీ పన్నెండో నంబరు దగ్గర ఉన్నాయండీ. వాళ్ళింట్లో చంటిపిల్ల ఉంది. ముందు వాళ్ళది అవ్వాలి కదండీ."

అలా ఆ పని కోటిలింగం గారి మీద పడింది. పంచె ఎగగట్టి, తాపీ పట్టుకుని, మూడు రోజులుగా ఆయనే సున్నం కలిపి ఆ ఇంటి వాకిట్లో చిన్న గది లేపుతున్నారు. పెట్టెను నాంచారమ్మ గారు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే, అది చూస్తూ ఎలా కట్టాలో చెబుతోంది.

ఈ రోజు నేను తనిఖీకి వెళ్ళాను. చెక్‌లిస్టులో అన్నీ సరిపోయాయి. టిక్కులు పెట్టి సంతకం చేయబోయాను.

"ఆగండీ అమ్మగారూ," అంది మేస్త్రి. "కోటిలింగం గారూ, ఆ ఉత్తరం గోడ ఇంకొక్కసారి తీసి కట్టండి."

ఆయన తాపీ కింద పడేశారు. ముఖం నిండా సున్నం. "ఏమిటయ్యా దానికి రోగం? మేడమ్ గారు పాసన్నారు కదా! లిస్టులో ఎక్కడైనా తప్పుందా, చూపించు!"

"లిస్టులో తప్పేమీ లేదండీ," అంది మేస్త్రి ఎంతో మర్యాదగా. "కానీ లోపల ఉండబోయేది నేను కదండీ."